వాగులోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి మూసీలోకి

పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థాల కథ సుప్రీంకోర్టు గడప ఎక్కింది 1990లో. ఆ కేసు తర్వాత రాష్ట్ర హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారి 2017 అక్టోబరులో తుది తీర్పుకు నోచుకుంది. పిటిషన్ దాఖలైన ఏడాది పుట్టిన పిల్లలకు తీర్పు వచ్చేనాటికి 27 ఏళ్లు నిండాయి. ఇంత కాలంలో నక్కవాగు నీటిని పరీక్షించారు, మట్టిని పరీక్షించారు, పంటనష్టాన్ని ఎకరాల లెక్కన మదింపు వేశారు. ఆ నీటి పక్కన బతికిన మనుషుల ఆరోగ్యాన్ని మాత్రం ఏటేటా నమోదు చేసే ఏర్పాటు ఏదీ స్థిరపడలేదు.

హైదరాబాద్‌కు వాయవ్య దిశగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ముంబయి వెళ్లే జాతీయ రహదారిపై ఉన్నది పటాన్‌చెరు. అప్పట్లో మెదక్ జిల్లా. 2016లో జిల్లాల పునర్విభజన జరిగాక సంగారెడ్డి జిల్లా. ఆ ప్రాంతంలో పారే నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర గోదావరిలో కలుస్తుంది. పోచారం, బాచుగూడెం, ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి గ్రామాలకు ఈ వాగే సాగునీరు, పశువులకు తాగునీరు. కాజిపల్లి, గడ్డపోతారం, బొల్లారం, కిష్టారెడ్డిపేట, గండిగూడెం గ్రామాలకు చెరువులు ఆధారం. వర్షాధార వ్యవసాయంపై పరిశోధనలు చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ 1972లో ఏర్పడింది ఈ పటాన్‌చెరులోనే. మెట్టరైతు బాగు కోసం ప్రపంచస్థాయి పరిశోధన జరిగే ప్రాంగణానికి ఆమడ దూరంలోపే రైతుల పొలాలు రసాయనాల పాలు కావడం యాదృచ్ఛికమే అయినా గుర్తుండిపోయే విషయం.

వెనుకబడిన జిల్లా అనే ముద్ర పరిశ్రమలకు వరమైంది. రాయితీలు దక్కాయి, చౌకగా భూమి దొరికింది, రాజధాని పక్కనే ఉంది. 1970ల మధ్యకాలం నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు ఒకదాని వెనుక ఒకటి వెలిశాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ స్థానం నుంచి గెలిచాక ఈ విస్తరణ మరింత ఊపందుకుంది. ఉక్కు, సిమెంటు, పురుగుమందులు, రంగులు, అన్నీ వచ్చాయి గానీ ఈ ప్రాంతానికి ప్రత్యేకతను తెచ్చినవి మూల ఔషధాలు. వీటినే వ్యాపార పరిభాషలో బల్క్ డ్రగ్స్ అంటారు. మనం మింగే మాత్రలోని అసలు మందు ఇదే.

సోవియట్ చేయూత, ప్రైవేటు విస్తరణ

ఈ మందుల పరిశ్రమకు మూలం ప్రభుత్వ రంగంలో ఉంది. సోవియట్ యూనియన్ సాంకేతిక సహకారంతో బాలానగర్‌లో నెలకొన్న ఐ.డి.పి.ఎల్. కర్మాగారం 1960ల చివర ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడ పనిచేసి అనుభవం గడించిన రసాయన శాస్త్రజ్ఞులు, ఇంజినీర్లు పలువురు తర్వాత సొంత సంస్థలు స్థాపించారు. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక మందును తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇవ్వడంతో, వేరే పద్ధతిలో అదే మందును చౌకగా తయారుచేయడానికి దారి తెరుచుకుంది. దేశ ప్రజలకూ, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల రోగులకూ ఇది మేలు చేసింది. ఆ మేలును తక్కువ చేసి చెప్పనక్కరలేదు.

ఇదే నమూనా మధ్యభారతంలోనూ కనిపిస్తుంది. 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం సోవియట్ సాయంతో నిర్మించిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. తెలుగునాట నుంచి వేలాది కుటుంబాలు పని వెతుక్కుంటూ వెళ్లి స్థిరపడిన ఊరది. ఆ ఉక్కునగరం అంచునే హథ్‌ఖోజ్ భారీ పారిశ్రామికవాడ పెరిగింది. ప్రభుత్వ రంగ మహావృక్షం నీడలో అనుబంధ పరిశ్రమలు అల్లుకోవడం, వాటి మధ్య పాత పల్లెలు చిక్కుకుపోవడం రెండుచోట్లా ఒకటే. 2014 జూన్‌లో భిలాయ్ కర్మాగారంలోని పంపుహౌస్‌లోకి విషవాయువు వెనక్కి తన్నినప్పుడు ఆరుగురు మరణించారు. ప్రమాదం జరిగిన నాడు మృతుల సంఖ్య సాయంత్రానికల్లా తేలుతుంది. ఇరవై ఏళ్లపాటు పొగ పీల్చి, మురుగు తాగి మెల్లగా కుంగిపోయినవారి సంఖ్య భిలాయ్‌లోనూ తేలదు, పటాన్‌చెరులోనూ తేలదు.

మందుల తయారీలో వ్యర్థాలు ఎందుకింత ఎక్కువ అనే ప్రశ్నకు జవాబు ఆ ప్రక్రియలోనే ఉంది. ఒక మూల ఔషధం అయిదారు అంచెల రసాయన చర్యల తర్వాత గానీ చేతికి రాదు. ప్రతి అంచెలోనూ టోలుయీన్, మిథనాల్ వంటి ద్రావకాలు, ఆమ్లాలు, క్షారాలు, లవణాలు వాడతారు. కిలో మందు తయారయ్యేసరికి 25 నుంచి 100 కిలోల దాకా వ్యర్థం మిగులుతుందని రసాయన శాస్త్రజ్ఞుల అంచనా. పెట్రోలు శుద్ధి కర్మాగారంలో ఈ నిష్పత్తి కిలోకు వంద గ్రాములకు మించదు. అంటే ఒక మందుల కర్మాగారం బరువు లెక్కన ప్రధానంగా ఉత్పత్తి చేసేది వ్యర్థాన్నే. మందు అందులో చిన్న భాగం. ఆ వ్యర్థాన్ని శుద్ధి చేసే ఖర్చును ఎవరు భరించాలన్నదే పటాన్‌చెరులో అసలు ఆర్థిక సమస్య. తొలి రెండు దశాబ్దాలూ దాన్ని భరించింది వాగు కింద రైతు.

జలకాలుష్య నివారణ చట్టం 1974 నుంచీ ఉంది. దానికి లోబడే పరిశ్రమలకు అనుమతులు వచ్చాయి. అయినా వాగు రంగు మారింది, వరి దిగుబడులు పడిపోయాయి, పశువులు చచ్చాయి, బావులు చెడ్డాయి. 1980లలోనే గ్రామస్థులు ఆందోళనలకు దిగారు. పటాన్‌చెరులో వైద్యవృత్తిలో ఉన్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన వద్దకు వచ్చే రోగుల జబ్బులకూ ఊరి నీటికీ సంబంధం ఉందని గుర్తించి ఉద్యమానికి ముందు నిలిచారు. దశాబ్దాల తరబడి అధికారులకు, న్యాయస్థానాలకు, విదేశీ పరిశోధకులకు ఈ ప్రాంతపు బాధను వివరించిన గొంతుల్లో ఆయనది ముఖ్యమైనది.

ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ 1990లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు జిల్లా న్యాయమూర్తి చేత విచారణ జరిపించింది. రైతులకు పరిహారం, గ్రామాలకు మంచినీరు అందించాలని ఆదేశాలు వచ్చాయి. ఇదే సంస్థ రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ గ్రామం తరఫున వేసిన మరో కేసులో 1996 ఫిబ్రవరిలో తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ధర్మాసనం, కాలుష్యం చేసినవాడే దానికి మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని దేశ న్యాయచరిత్రలో స్థిరపరచింది. సూత్రం గొప్పది. అయితే మూల్యం కట్టడానికి ముందు నష్టం ఎంతో తేలాలి. పొలం నష్టం కొలవడం సులువు. సర్వే నంబరు ఉంటుంది, పట్టా ఉంటుంది, నిరుటి దిగుబడి ఉంటుంది. అందుకే పటాన్‌చెరులో పరిహారం ప్రధానంగా పంటనష్టం చుట్టూ తిరిగింది. భూమి లేని కూలీకి, వాగులో చేపలు పట్టుకునేవాడికి, బట్టలు ఉతికే వృత్తిదారుకు పట్టా లేదు. మూత్రపిండానికీ, ఊపిరితిత్తికీ సర్వే నంబరు లేదు.

శుద్ధి పేరిట కలగాపులగం

ఒక్కో చిన్న పరిశ్రమ విడిగా శుద్ధి కేంద్రం పెట్టుకోలేదు గనుక అందరి వ్యర్థజలాలనూ ఒకచోట చేర్చి శుద్ధి చేయాలన్న ఆలోచనతో 1990ల మధ్యలో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పనిచేయడం ఆరంభించింది. సుమారు 90 మందుల పరిశ్రమల నుంచి ట్యాంకర్లలో వచ్చిన నీటిని ఇక్కడ కలిపి, కొంత గృహ మురుగునీరు జతచేసి, సూక్ష్మజీవుల సాయంతో సేంద్రియ పదార్థాన్ని కరిగించేవారు. ఇది మున్సిపాలిటీ మురుగుకు ఏర్పడిన పద్ధతి. ఉప్పును అది తొలగించలేదు. సూక్ష్మజీవులను చంపడానికే తయారైన యాంటీబయాటిక్ ఆ తొట్టిలోకి వస్తే ఏమవుతుందన్న ప్రశ్న నిబంధనల్లో ఎక్కడా లేదు. నిబంధనల్లో ఉన్నవి ఆక్సిజన్ అవసరం, ఆమ్లత్వం, తేలియాడే ఘనపదార్థం వంటి కొలతలే.

ఆ ప్రశ్నను వేసింది స్వీడన్ పరిశోధకులు. గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోయాకిమ్ లార్సన్ బృందం ఈ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. సాధారణంగా టైఫాయిడ్, మూత్రకోశ వ్యాధుల చికిత్సకు వాడే సిప్రోఫ్లాక్సాసిన్ ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ నీటిపాలవుతున్నట్లు లెక్క తేలింది. 500 మిల్లీగ్రాముల మాత్రలుగా చూస్తే 90 వేల మాత్రలు. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు అంత. అది శుద్ధి కాకముందు నీరు కాదు, శుద్ధి అయిన తర్వాత నీరు.

అదే బృందం 2009లో మరో అధ్యయనం ప్రచురించింది. చుట్టుపక్కల చెరువుల్లో సిప్రోఫ్లాక్సాసిన్‌తోపాటు జలుబు, దురదలకు వాడే సెటిరిజిన్ కూడా లీటరుకు మిల్లీగ్రాముల స్థాయిలో ఉంది. ఆరు గ్రామాల బావినీటిలోనూ మందుల అవశేషాలు బయటపడ్డాయి. వైద్యుడు రాయని మందును రోజూ బావిలోంచి తోడుకుని తాగుతున్నారన్న మాట. 2014లో కాజిపల్లి చెరువు బురదను పరీక్షించినప్పుడు, మందుకు లొంగని లక్షణాన్ని బాక్టీరియాకు ఇచ్చే జన్యువులు స్వీడన్‌లోని ఒక చెరువుతో పోలిస్తే వేల రెట్లు ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడే ఈ సమస్య పది పదిహేను పల్లెల గొడవ స్థాయిని దాటింది. చెరువు బురదలో మందుకు అలవాటుపడిన బాక్టీరియా తన జన్యువును పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు అందించగలదు. అది పశువుకు, మనిషికి, ఆసుపత్రి వార్డుకు చేరవచ్చు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా సంభవించిన మరణాలు 2019లో ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేలని లాన్సెట్ పత్రికలో వెలువడిన అంచనా. వీటన్నిటికీ పటాన్‌చెరు కారణమని ఎవరూ అనరు. ఆసుపత్రుల్లో, కోళ్లఫారాల్లో విచ్చలవిడిగా మందుల వాడకం పెద్ద కారణం. కానీ ఏ మందు పనిచేయడం లేదని నగరంలోని వైద్యుడు తల పట్టుకుంటున్నాడో, ఆ మందే నగరం పక్కన వాగులో కిలోల లెక్కన పారిందన్నది కాదనలేని సత్యం.

పరీవాహకం మారిన వ్యర్థం

మంజీర హైదరాబాద్‌కు తాగునీరిచ్చే నది. నక్కవాగులో పారే వ్యర్థం దానిలో కలవడం రాజధానికే ముప్పు. దీనికి కనిపెట్టిన పరిష్కారం 18 కిలోమీటర్ల గొట్టం. పటాన్‌చెరు కేంద్రంలో శుద్ధి చేసిన నీటిని ఈ గొట్టం ద్వారా నగర మురుగు కాలువలో కలిపి, అంబర్‌పేటలోని మురుగు శుద్ధి కేంద్రానికి చేర్చి, ఆపై మూసీలోకి వదలాలి. మూసీ పరివాహక ప్రజల అభ్యంతరాల నడుమే 2000ల చివరికి గొట్టం పని మొదలైంది.

పటం ముందు పెట్టుకుంటే దీని అర్థం బోధపడుతుంది. నక్కవాగు గోదావరి పరీవాహకంలోనిది. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. గోదావరిలో పడవలసిన వ్యర్థాన్ని కృష్ణలో పడేలా మళ్లించామన్న మాట. నగర మురుగులో కలిపితే గాఢత తగ్గుతుంది, నిజమే; పరిమాణం మాత్రం తగ్గదు. నగర మురుగంటే కోట్లకోట్ల బాక్టీరియా. దానిలోకి యాంటీబయాటిక్ అవశేషాలు పంపడం తెలివైన పనేనా అని అప్పుడే నిపుణులు అడిగి ఉండవలసింది. మూసీ కింద వేల ఎకరాల్లో వరి, పశుగ్రాసం, ఆకుకూరలు ఆ నీటితోనే పండుతాయి. ఆ ఆకుకూర తిరిగి నగరపు మార్కెట్‌కే వస్తుంది. మంజీర నీరు తాగేవారికి ప్రభుత్వంలో పలుకుబడి ఉంది. మూసీ నీరు పారించుకునే రైతుకు లేదు. అంతకుమించిన శాస్త్రీయ కారణం ఈ ఎంపికలో కనబడదు.

గొట్టం వచ్చాక పటాన్‌చెరు తేరుకుందా అంటే అదీ లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు పటాన్‌చెరు-బొల్లారం 70.07 మార్కులతో అతితీవ్ర కాలుష్య జాబితాలోకి ఎక్కింది. విశాఖపట్నం 70.82తో దాని పక్కనే నిలిచింది. ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా 83 మార్కులతో జాబితా అగ్రభాగాన ఉంది. ఎక్కువ మార్కులు వస్తే సిగ్గుపడవలసిన పరీక్ష ఇది. కొత్త పరిశ్రమలకు అనుమతులపై 2010లో కేంద్రం తాత్కాలిక నిషేధం విధించింది, తర్వాత ఎత్తివేసింది. ఆవరణ దాటి చుక్క నీరు పోకుండా ఆవిరి యంత్రాలు, వడపోత పొరలు పెట్టుకోవాలన్న షరతును పెద్ద సంస్థలు చాలావరకు అమలు చేశాయి, కొంత మార్పు కూడా వచ్చింది. అయినా 2017 అక్టోబరులో, ట్రిబ్యునల్ తీర్పు వెలువడిన నెలలోనే, గండిగూడెం చెరువులో చేపలు లక్షల్లో చచ్చి తేలాయి.

ఆరోగ్యం సంగతికి వస్తే, గ్రామాలవారీగా చెప్పుకోదగ్గ సర్వే ఒకటి 2004లో గ్రీన్‌పీస్ సంస్థ వెలువరించింది. పటాన్‌చెరు చుట్టూ కాలుష్య బాధిత గ్రామాలను, అదే జిల్లాలో కాలుష్యం లేని గ్రామాలతో పోల్చి చూసిన ఆ నివేదిక క్యాన్సర్, గుండెజబ్బులు, శ్వాసకోశ వ్యాధులు, చర్మవ్యాధులు, పుట్టుకతో వచ్చే లోపాలు బాధిత గ్రామాల్లో పలు రెట్లు ఎక్కువని పేర్కొంది. ఉద్యమ సంస్థ చేసిన సర్వే కాబట్టి దానిని యథాతథంగా స్వీకరించనక్కరలేదని వాదించవచ్చు. కొద్ది గ్రామాల్లో క్యాన్సర్ వంటి అరుదైన జబ్బును లెక్కించేటప్పుడు రెండు మూడు కేసుల తేడాతోనే నిష్పత్తి తారుమారవుతుంది కూడా. సరే, సర్వే తప్పనుకుంటే సరైనది చేయవలసింది ఎవరు? జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది గనుక ఈ ప్రాంతపు నేలలో, భూగర్భ జలంలో ఆర్సెనిక్, క్రోమియం, సీసం వంటివి ఉన్నాయని శాస్త్రీయంగా తేల్చిచెప్పింది. జాతీయ పోషకాహార సంస్థ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. ఉస్మానియా, గాంధీ వైద్య కళాశాలలు ఉన్నాయి. ఇన్ని సంస్థలకు గంట ప్రయాణ దూరంలో ఉన్న పల్లెల్లో ప్రతి పుట్టుకనూ, ప్రతి గర్భస్రావాన్నీ, ప్రతి మరణకారణాన్నీ ముప్పై ఏళ్లపాటు వరుసగా రాసిపెట్టడం డబ్బుతో కూడిన పని కాదు. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఒక రిజిస్టరు, దాన్ని చదివే ఒక అధికారి చాలు.

కార్మికుడి పరిస్థితి ఇంకా దయనీయం. గ్రామస్థుడు కనీసం ఓటరు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి కాంట్రాక్టుపై వచ్చే కూలీ జబ్బుపడితే ఊరికి పోతాడు, అతని రోగం అతనితోపాటే ఈ జిల్లా లెక్కల్లోంచి వెళ్లిపోతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు సంభవించి 40 మందికి పైగా మరణించినప్పుడు, మృతుల్లో ఎక్కువమంది ఇలాంటి వలస కార్మికులే. కొందరి ఆనవాళ్ల కోసం డి.ఎన్.ఏ. పరీక్షలు చేయవలసి వచ్చింది.

ప్రమాణాల విషయంలో ఢిల్లీ వేసిన అడుగు, తీసిన అడుగు రెండూ గమనించదగ్గవి. మందుల పరిశ్రమ వ్యర్థజలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంతవరకు ఉండవచ్చో పరిమితులు విధిస్తూ కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2020 జనవరిలో ముసాయిదా వెలువరించింది. 121 యాంటీబయాటిక్‌లకు విడివిడిగా అంకెలు ఇచ్చింది. ప్రపంచంలో మరే దేశమూ అప్పటికి అంతదూరం పోలేదు. పరిశ్రమ వర్గాలు ఇది ఆచరణసాధ్యం కాదన్నాయి, ఎగుమతులు దెబ్బతింటాయన్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితుల పట్టిక లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు ప్రకటించింది గానీ అవి పాటించి తీరాలన్న నిర్బంధం లేదు. ఐరోపా కొనుగోలుదారులు మాత్రం మందు ధరతోపాటు ఆ మందు తయారైన చోట నీరెలా ఉందో అడగడం మొదలుపెట్టారు. చట్టం చేయించలేని పనిని ఎగుమతి ఆర్డరు చేయిస్తుందేమో చూడాలి.

ఇంతలో కాలుష్యకారక పరిశ్రమలను నగరానికి దూరంగా తరలించాలన్న పాత ఆలోచన కొత్త ఊర్లను వెతుక్కుంటోంది. రంగారెడ్డి జిల్లా ముచ్చెర్ల వద్ద ఫార్మాసిటీకి సేకరించదలచిన భూములపై ఏళ్ల తరబడి వివాదాలు నడిచాయి. వికారాబాద్ జిల్లా లగచర్లలో ఫార్మా పరిశ్రమల కోసం భూసేకరణపై 2024 నవంబరు 11న అభిప్రాయ సేకరణకు వెళ్లిన అధికారులపై గ్రామస్థులు తిరగబడ్డారు. దాడిని ఎవరూ సమర్థించరు. ఆ నెలాఖరుకల్లా ప్రభుత్వం ఫార్మా ప్రతిపాదనను ఉపసంహరించి, బహుళ ప్రయోజన పారిశ్రామిక పార్కు పేరుతో మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చింది. ఏ పేరుతో పరిశ్రమలు వచ్చినా, మొదటి ఇటుక పడకముందే ఆ పల్లెల్లో బావినీటి నమూనాలు తీసి సీసాల్లో భద్రపరచి, ఇంటింటి ఆరోగ్య వివరాలు రిజిస్టరుకు ఎక్కించవచ్చు. 1975లో పటాన్‌చెరులో ఆ పని జరిగి ఉంటే 1990లో న్యాయస్థానం ముందు ఉంచడానికి ఒక కాగితం ఉండేది.